పుస్తకం ఎక్కి ఊళ్ళు చూద్దాం



అక్షరాలు వచ్చాక మనం బయట మొదట చదివేది ఏమిటి? బస్సు బోర్డు. వేంపల్లె, పులివెందుల, కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు. ఈ పేర్లు చిన్ననాటి నుంచి మన చెవిన పడ్డవే. అందుకే వాటిని కూడబలుక్కోవడం తేలిక. "ఇది ఏ ఊరి బస్సు నాయనా?" అని ఇప్పుడు ఎవరినీ అడిగే పని లేదు.

దీన్నిబట్టి మనకు ఏం తెలుస్తోంది? తెలిసిన పేరు కనబడితే చదవడానికి ధైర్యం వస్తుంది. ఈ ధైర్యాన్ని బస్సు బోర్డు దగ్గరే ఆపెయ్యకూడదు. వాడని కొడవలి తుప్పు పడుతుంది. చదవని అక్షరం కూడా అంతే. వాచకం అయిపోయింది గదా అని మూలన పెడితే, ఏడాది తిరిగేసరికి ఒత్తులు మరిచిపోతాం. మళ్ళీ వేలిముద్ర దగ్గరికి వస్తాం.

మరి వాచకం తర్వాత ఏం చదవాలి? ఒక తేలిక దారి ఉంది. ఊరి పేరు ఉన్న పుస్తకాన్ని ఎత్తుకోవాలి. పేరు తెలుసు కాబట్టి మొదటి మెట్టు ఎక్కినట్టే. ఆపైన ఆ పుస్తకమే మనల్ని ఆ ఊరికి తీసుకుపోతుంది.

ఇంట్లో కూచుని ప్రయాణమా?

ఇడుపులపాయలో ఉండే ఆడమనిషి నాలుగు రోజులు ఊరు దాటాలంటే ఎన్ని అడ్డాలు! బర్రె పాలు పిండాలి. సంగటి కెలకాలి. శెనక్కాయ పీకే రోజుల్లో కూలికి పోకుంటే ఆ డబ్బు పోయినట్టే. ముసలి అత్తను ఎవరు చూస్తారు? పిల్లల్ని ఎవరు చూస్తారు? మగవాడు నాలుగు ఊళ్ళు తిరిగితే "లోకం చూసినోడు" అంటారు. ఆడది తిరిగితే ఆ మాట అనరు. వేరే మాట అంటారు.

పుస్తకం చదివితే ఊరికి పోయినట్టేనని చెప్పడం లేదు. అక్కడి నీళ్ళ రుచి, అక్కడి గాలి పుస్తకంలో దొరకవు. కానీ పోలేని చోటు సంగతి కొంతైనా తెలుస్తుంది. పోవాలనుకున్న చోటికి దారి తెలుస్తుంది. లోకం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇది చిన్న లాభం కాదు. ఇప్పుడు అలాంటి పుస్తకాలు కొన్ని చూద్దాం.

కాశీకి పోయిన దారిలో మన కడప

"కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే" అని మన పెద్దలు అనేవాళ్ళు. ఎందుకన్నారు? ఆ రోజుల్లో రైలు లేదు. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదలయిందే 1853లో. అంతకు ముందు నడవాలి, లేదా బండి ఎక్కాలి, డబ్బున్నవాళ్ళయితే పల్లకీ ఎక్కాలి. దారిలో అడవులు, ఏర్లు, జబ్బులు, దొంగలు. పోయినవాళ్ళు తిరిగి వస్తారన్న నమ్మకం ఉండేది కాదు.

అట్లాంటి కాలంలో ఏనుగుల వీరాస్వామయ్య అనే ఆయన చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినాడు. ఆయన చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ. అంటే ఒక భాషలో చెప్పిన మాటను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న బయలుదేరినాడు. బోయీలు, వంటవాళ్ళు, బంట్రోతులు అందరూ కలిసి సుమారు వందమంది. తిరుపతి చూసుకుని మన కడప మీదుగా వచ్చినారు. దువ్వూరు దాటి అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా ఉత్తరానికి పోయినారు. కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసి, 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం తిరిగి చేరినారు. పదిహేను నెలలు దాటింది!

ఆయన దారి పొడుగునా చూసినవన్నీ రాసుకున్నాడు. ఈ ఊళ్ళో నీళ్ళు మంచివా, కావా? అంగళ్ళు ఉన్నాయా? దిగడానికి నీడ ఉందా? ముందున్న దారి రాళ్ళా, ఇసుకా? ఇవన్నీ ఉత్తరాలుగా తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపినాడు. వీరాస్వామయ్య 1836లో చనిపోయినాడు. ఆ స్నేహితుడే 1838లో వాటిని పుస్తకంగా అచ్చు వేయించినాడు. దాని పేరు 'కాశీయాత్ర చరిత్ర'.

ఆలోచించండి. ఆ వందమందీ నడిచిన దారి ఎన్నోచోట్ల మారిపోయింది. కాగితం మీద రాసిన దారి మాత్రం మిగిలింది. ఇంచుమించు రెండు వందల ఏళ్ళ కిందట కడప దారిన ప్రయాణం ఎట్లా ఉండేదో ఈరోజు మనం చదవగలుగుతున్నాం. ఆ భాష పాతది. ఒక్కరే చదివితే కష్టం. బాగా చదువు వచ్చిన పిల్లల చేత ఒక పేజీ చదివించుకుని వినండి.

మజిలీకి ఒక కథ

ఇంకో పుస్తకం పేరులో కూడా కాశీ ఉంది. అది 'కాశీ మజిలీ కథలు'. రాసినాయన మధిర సుబ్బన్న దీక్షితులు. ఇది నిజంగా జరిగిన ప్రయాణం కాదు, కల్పించిన కథ.

మణిసిద్ధుడు అనే యతి కాశీకి పోవాలనుకుంటాడు. తోడు కావాలి. పశువులు కాసే గోపడనే పిల్లవాడు దొరుకుతాడు. వాడు ఒక షరతు పెడతాడు. దిగిన ప్రతిచోటా తాను ఏదో ఒక వింత చూసి వస్తాడు. దాని కథ యతి చెప్పాలి. చెప్పకపోతే వాడు ముందుకు అడుగు వేయడు! మజిలీ అంటే దారిలో దిగే చోటు. అట్లా మజిలీకి ఒక కథ. ఆ కథలన్నీ పన్నెండు భాగాలయినాయి.

ఈ కథల్లో రాజులు, మాయలు, మంత్రాలు ఉంటాయి. వీరాస్వామయ్య పుస్తకం చూసి దారి తెలుసుకోవచ్చు. ఈ పుస్తకం చూసి దారి వెదకకూడదు. పేర్లు ఒకే రకంగా ఉన్నా, ఒకటి చూసి రాసింది, ఒకటి ఊహించి రాసింది. ఏ పుస్తకం పట్టుకున్నా ఈ తేడా ముందు కనుక్కోవాలి.

ఒక్క ఊరు, నూరు కథలు

చాలా ఊళ్ళు తిరగకుండా ఒక్క ఊరినే నింపాదిగా చూపించే పుస్తకాలూ ఉన్నాయి. సత్యం శంకరమంచి రాసిన 'అమరావతి కథలు' అట్లాంటిది. అందులో నూరు చిన్న కథలు. కృష్ణా నది ఒడ్డు, గుడి, ఊళ్ళోని పేదా గొప్పా మనుషులు అందులో కనబడతారు. ఈ పుస్తకానికి 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇప్పుడు అమరావతి అనగానే అందరికీ రాజధాని గుర్తుకొస్తుంది. ఈ కథలు మాత్రం గుడి ఉన్న పాత ఊరివి. కథలు చిన్నవి కాబట్టి రోజుకొకటి చదవవచ్చు.

ఆడవాళ్ళు రాసిన ప్రయాణాలు

ప్రయాణాలన్నీ మగవాళ్ళే చేసినారా? వాళ్ళే రాసినారా? కాదు.

1870లలో పోతం జానకమ్మ అనే తెలుగు ఆమె ఓడ ఎక్కి ఇంగ్లాండుకు పోయి వచ్చింది. ఆడవాళ్ళకు బడి అంటేనే అరుదైన కాలం అది. సముద్రం దాటడం మగవాళ్ళకే తప్పు అనేవాళ్ళు. ఆమె అక్కడ చూసిన సంగతులు తెలుగులో రాసింది. తర్వాత ఇంగ్లీషులోకి మార్చింది. ఆ ఇంగ్లీషు పుస్తకం 1876లో మద్రాసులో అచ్చయింది. దాని పేరులోనూ ఇంగ్లాండు ఉంది.

మన కాలానికి దగ్గరగా నాయని కృష్ణకుమారి ఉన్నారు. ఆమె తెలుగు పంతులమ్మ. తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయినారు. కాశ్మీరం చూసి వచ్చి 'కాశ్మీర దీపకళిక' అనే పుస్తకం రాసినారు. ఆమె చూసిన కాశ్మీరాన్ని మనం ఇంట్లో కూచుని చూడవచ్చు.

మన ఊళ్ళూ పుస్తకాలకు ఎక్కినాయి

మనం వేరే ఊళ్ళ సంగతి చదువుతున్నాం. మన సంగతి ఎవరైనా చదువుతున్నారా? చదువుతున్నారు.

జమ్మలమడుగు దగ్గర గండికోట ఉంది గదా. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి అక్కడికి వచ్చినాడు. అప్పటికి ఆ కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. టావెర్నియర్ తన ప్రయాణాలన్నీ రాసినాడు. 1676లో పారిస్ నగరంలో ఆ పుస్తకం అచ్చయింది. అంటే సముద్రాల అవతల, పెన్నానది ఎన్నడూ చూడని మనుషులు తమ ఇళ్ళలో కూచుని మన గండికోటను చూసినారు!

ఆ తర్వాత 1800 ప్రాంతంలో కల్నల్ మెకంజీ అనే తెల్లదొర ఊరూరికీ మనుషుల్ని పంపినాడు. ఏ ఊరు ఎప్పుడు పుట్టింది, గుడి ఎవరు కట్టించినారు, చెరువు ఎవరు తవ్వించినారు అని రాయించినాడు. వాటిని కైఫీయత్తులు అంటారు. కడప జిల్లా ఊళ్ళ కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పుస్తకాలుగా అచ్చు వేసింది.

ఊరి పేరు మనిషి పేరుతో కలిసి కూడా పుస్తకం అట్ట ఎక్కుతుంది. మన పక్కనున్న వేంపల్లె చూడండి. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం 2011లో వేంపల్లి గంగాధర్‌కు 'మొలకల పున్నమి' కథలకు వచ్చింది. 2012లో వేంపల్లె షరీఫ్‌కు 'జుమ్మా' కథలకు వచ్చింది. వరుసగా రెండేళ్ళు వేంపల్లె పేరు దేశమంతా వినబడింది.

ఒక ఊరి పేరు చేసిన పని

నెల్లూరు జిల్లాలో దూబగుంట అని ఒక చిన్న పల్లె ఉంది. సాక్షరతా ఉద్యమం జరిగే రోజుల్లో అక్కడి ఆడవాళ్ళు సారా అంగడి వద్దని ఏకమయినారు. మూయించినారు. వాళ్ళ సంగతిని చదువుల వాచకంలో పాఠంగా వేసినారు. 1992లో ఆ పాఠం ఊరూరా రాత్రి బడుల్లో చదివినారు. చదివిన ఆడవాళ్ళు దూబగుంటకు పోలేదు. ఆ ఊరు ఎక్కడుందో కూడా చాలామందికి తెలియదు. కానీ "వాళ్ళు చేసింది మనం చేయలేమా?" అనుకున్నారు. ఊరి వెంట ఊరు లేచింది. చివరకు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించినారు.

చూసినారా! పుస్తకంలో ఒక ఊరిని చూసి వచ్చినవాళ్ళు తమ ఊరిని కొత్త కళ్ళతో చూస్తారు. చదువులో ప్రయాణానికి ఇదే అసలు ఫలం.

ఎట్లా చదవాలి?

పుస్తకం తీసుకోగానే అట్ట మీద పేరు గట్టిగా చదవండి. అందులో ఊరి పేరు ఏదో గుర్తు పట్టండి.

బడిపిల్లల దగ్గర దేశపటం ఉంటుంది. ముందు కడప ఎక్కడుందో చూపించమనండి. తర్వాత పుస్తకంలోని ఊరు చూడండి. మధ్యలో ఏ నదులు దాటాలో వేలితో లెక్కపెట్టండి.

ఇది చూసి రాసిందా, కల్పించిందా అని అడగండి. ఎప్పుడు రాసిందో చూడండి. పాత పుస్తకంలోని దారి, ధర, పేరు ఇప్పుడు మారి ఉంటాయి.

ఒక్కరే చదవలేకపోతే నలుగురు కూచోండి. ఒకరు చదివితే ముగ్గురు వినండి. రేపు ఇంకొకరు చదవండి. రోజుకు ఒక పేజీ చాలు. కొత్త ఊరి పేరు వస్తే నోటుబుక్కులో రాసుకోండి.

పుస్తకం దొరక్కపోతే దగ్గరి గ్రంథాలయంలో అడగండి. "నాకు ఇవన్నీ ఎందుకు ఇస్తారులే" అని వెనక్కి తగ్గవద్దు. గ్రంథాలయం అందరిదీ.

ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఎక్కడెక్కడి పిల్లలో అక్కడ చదువుకోవడానికి వస్తారు. ఆ పిల్లలు కనబడితే "మీది ఏ ఊరు నాయనా? మీ ఊరి మీద పుస్తకం ఏదైనా ఉందా?" అని అడగండి.

మీరూ రాయండి

పాత కాలంలో ఊళ్ళ సంగతులు రాసినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. కోట గోడ ఎంత ఎత్తో రాసినారు. రాజు ఎవరో రాసినారు. ఏ బావి నీళ్ళకు పప్పు ఉడుకుతుందో, కరువులో ఏ ఆకు వండుకుని బతికినామో, కొత్త కోడలుగా ఏ దారిన నడిచి వచ్చినామో అంతగా రాయలేదు. అవి మనకు తెలుసు. మనం చెప్పకపోతే, మన తర్వాత ఆ సంగతి చెప్పేవాళ్ళు ఉండరు.

ఈరోజే నోటుబుక్కు తీయండి. పైన మీ ఊరి పేరు రాయండి. కింద అయిదు వాక్యాలు రాయండి. తప్పులు వచ్చినా ఫరవాలేదు. వచ్చే వారం కూచున్నప్పుడు ఒకరిది ఒకరు చదవండి. పుట్టిల్లు ఒక ఊరు, అత్తిల్లు ఒక ఊరు. ప్రతి ఆడమనిషి దగ్గరా కనీసం రెండు ఊళ్ళ కథలు ఉన్నాయి.

*మాట్లాడుకోండి:*

మీరు ఇంతవరకు చూసిన అన్నిటికన్నా దూరపు ఊరు ఏది? ఎందుకు పోయినారు?

చూడాలని ఉండి చూడలేకపోయిన ఊరు ఏది? ఏం అడ్డం వచ్చింది?

మీ ఊరి మీద పుస్తకం వస్తే, అందులో తప్పకుండా ఉండాల్సిన సంగతి ఏది?