కుళాయి నీళ్ళకు పుట్టిల్లు – కటికి జలపాతం

విశాఖలో ఉండే మనకి సముద్రం కొత్త కాదు. చుట్టాలొస్తే బీచ్‌కీ, కైలాసగిరికీ తీసుకెళ్ళడం, సింహాచలం అప్పన్న దర్శనం చేయించడం మామూలే. కానీ ఇంటికి తొంభై కిలోమీటర్ల దూరంలో, అడవి మధ్యలో దాక్కున్న ఒక జలపాతానికీ మన వంటింటికీ సంబంధం ఉందంటే మీరు నమ్ముతారా? అదే కటికి జలపాతం. ఈ శీతాకాలంలో పిల్లలకి సెలవులు దొరికితే ఒక్క రోజు అటువైపు వెళ్ళి రండి.

ఎలా వెళ్ళాలి?

కటికి, బొర్రా గుహలకు దగ్గర్లోనే ఉంది. ఇదంతా అనంతగిరి మండలం. 2022లో జిల్లాలు విడగొట్టాక అల్లూరి సీతారామరాజు జిల్లా కిందికి వచ్చింది. ఉదయం పూట విశాఖలో బయల్దేరే కిరండూల్ బండి ఎక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగడం అన్నిటికన్నా హాయి. ఈ లైను మన సరదా కోసం వేసింది కాదండోయ్! బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకు తెచ్చి, జపాన్‌కు ఎగుమతి చెయ్యడానికి 1960లలో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ వరకూ యాభైకి పైగా సొరంగాలున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతుంటే మనకీ చిన్నతనం గుర్తొస్తుంది. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. కావాలంటే దానికి ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి.

బొర్రా దగ్గర జీపులు దొరుకుతాయి. ఎక్కేముందే రానూ పోనూ ఎంత, అక్కడ ఎంతసేపు ఆగుతారు అన్నది తేల్చుకోండి. తిరుగు బండి వేళ కూడా స్టేషన్‌లో కనుక్కున్నాకే కదలండి. దారి రాళ్ళూ గుంతలూ కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్ళు, నెలలు నిండుతున్నవాళ్ళు ఈ జీపు ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

చెట్ల కింద నడక

జీపు దిగాక మిగిలింది నడకే. మరీ దూరం కాదు గానీ ఎగుడు దిగుడు దారి. తొందరపడి పరుగులు పెట్టకండి, చూడాల్సినవి దారిలోనే ఉన్నాయి. చెట్లకి అల్లుకున్న వెడల్పాటి జంట ఆకుల తీగె అడ్డాకు తీగె. మన పెళ్ళిళ్ళలో, పూజల్లో వేసే అడ్డాకుల విస్తళ్ళు ఈ ఆకులతో కుట్టినవే. ఈ కొండల్లో కాసే గడ్డి కంకులే మనం ఇల్లు ఊడ్చే కొండ చీపుళ్ళు. నీడ చెట్ల కింద కాఫీ మొక్కలు, ఆ చెట్లకే మిరియాల తీగెలు కనబడతాయి. చింతపండు, పసుపు, రాజ్‌మా కూడా ఈ కొండల నుంచి మన కొట్లకి వస్తాయి. అంటే మన వంటింట్లో సగం సరుకులు ఈ అడవి వైపు నుంచే వస్తున్నాయన్నమాట.

కటికి దూరం నుంచి కనబడే జలపాతం కాదు. ముందు హోరు వినిపిస్తుంది, తర్వాత చల్లగాలి తగులుతుంది. ఆ పైన రాళ్ళ మీంచి తెల్లగా దూకే నీళ్ళు కనబడతాయి. అప్పటిదాకా "ఇంకా ఎంత దూరం" అని సణిగిన పిల్లలు అక్కడ నోరు మెదపరు.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?

కటికి నీళ్ళు గోస్తనీ నదివి. అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది బొర్రా గుహల కింది నుంచి పారుతుంది. సున్నపురాయిని నీళ్ళు వేలాది ఏళ్ళు కరిగిస్తే ఏర్పడినవే ఆ గుహలు. అక్కడి నుంచి నది తాటిపూడి రిజర్వాయరుకు చేరి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు పొలాలకే కాదు, గొట్టాల ద్వారా విశాఖ నగరానికి కూడా వస్తాయి. నగరానికి మేహాద్రిగెడ్డ, రైవాడ లాంటివి ఇంకా ఉన్నా, ఎన్నో ఏళ్ళుగా మన బిందెలు నింపుతున్న వాటిలో గోస్తనీ ఒకటి.

నీళ్ళ విలువ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక కరెంటు లేక, కుళాయి రాక, బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డ రోజులు విశాఖ ఇల్లాళ్ళెవరూ మర్చిపోలేదు. అలాంటి మనం జలపాతం కింద షాంపూ పొట్లాలు చింపి తలంట్లు పోసుకోవడం, బిర్యానీ డబ్బాలు గెడ్డలో విసరడం న్యాయమా? ఆ గెడ్డ కిందనే కొండదొర, నూకదొర, కోదు కుటుంబాల ఊళ్ళున్నాయి. మనం వదిలిన సబ్బు నురగ ముందు వాళ్ళ బిందెల్లోకే వెళుతుంది. అక్కడ స్నానం చేస్తే ఉత్త నీళ్ళతోనే చెయ్యండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

చింతపండు పులిహోర ముందు రోజు రాత్రే కలిపితే ఉప్పూ పులుపూ పట్టి మర్నాడు ఇంకా బావుంటుంది. దద్దోజనానికి అన్నం మెత్తగా వండి, ఎక్కువ పాలు పోసి, రెండు చెంచాల పెరుగు మాత్రమే కలపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. చపాతీ పిండి పాలతో కలిపితే సాయంత్రం దాకా మెత్తగా ఉంటాయి. అన్నీ స్టీలు టిఫిన్లలో సర్దండి. ప్లాస్టిక్ పళ్ళేల బదులు అడ్డాకు విస్తళ్ళు పట్టుకెళ్ళండి. చెత్త కోసం ఒక ఖాళీ సంచి వేసుకుని, ఇంటి దాకా తిరిగి తెచ్చెయ్యండి. బొర్రా దగ్గర కోతులు ఎక్కువ. తినుబండారాలు చేతిలో ఊపుకుంటూ నడవకండి.

హవాయి చెప్పులు రాళ్ళ మీద జారతాయి, కాన్వాసు బూట్లు మేలు. పట్టు, జార్జెట్ కాకుండా నూలు చీర గానీ చుడీదార్ గానీ కట్టుకోండి. బట్టలు మార్చుకోవడానికి ఒక పాత దుప్పటి తీసుకెళితే ఇద్దరు పట్టుకుని తెరలా నిలబడొచ్చు. చిన్నా పెద్దా అవసరాలు బొర్రా దగ్గరే తీర్చుకుని బయల్దేరండి.

ఇవి మాత్రం మరువకండి

అక్టోబరు నుంచి జనవరి వరకూ వెళ్ళడానికి మంచి కాలం. వానాకాలంలో నీళ్ళు ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. మనకి ఎండగా ఉన్నా పైకొండ మీద వాన పడితే గెడ్డ నిమిషాల్లో పొంగుతుంది. నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కండి. పాచి పట్టిన బండలు నూనె రాసినట్టు ఉంటాయి. ఫోటో కోసం వాటి మీదికి ఎక్కనివ్వకండి. ఈత వచ్చు కదా అని మగపిల్లల్ని కూడా లోతు తెలియని మడుగులో దిగనివ్వొద్దు. స్థానికులు వద్దన్న చోట దిగనే దిగకండి.

ఆ ఊళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క విషయం. ఈ బొర్రా చుట్టుపక్కల భూముల్లో గనులు తవ్వడానికి ప్రైవేటు కంపెనీలకు లీజులిస్తే, సమత అనే సంస్థ గిరిజనుల తరఫున సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997 జూలైలో కోర్టు తీర్పు చెప్పింది. దేశమంతా 'సమత తీర్పు' అని చెప్పుకునేది ఇదే. ఆ కొండల్ని కాపాడుకోవడానికి వాళ్ళు అంత దూరం వెళ్ళారు. వెళ్ళి చూసొచ్చే మనం చెయ్యాల్సింది అందులో వెయ్యోవంతు కూడా కాదు.

అక్కడ కూర్చుని అమ్మే అమ్మల దగ్గర మరీ గీచి గీచి బేరమాడకండి. ఒక చీపురు కట్టో, కాస్త పసుపో, పావుకిలో మిరియాలో కొనుక్కోండి. పుట్టింటికి వెళ్ళినమ్మాయి ఇల్లు మురికి చేసి రాదు కదా! చల్లగా చూసి, శుభ్రంగా వదిలి, పసుపు కొమ్ములు ఒళ్ళో వేసుకుని రండి.