జానెడు నీళ్లంత ఊపిరి!

ఆపరేషన్ అనగానే మనకు గుర్తొచ్చేది కత్తి పట్టే డాక్టరే. రోగి తల దగ్గర కూర్చునే మత్తు డాక్టరు పేరు కూడా చాలామంది అడగరు. కానీ ఆపరేషన్ జరిగినంతసేపూ ఊపిరి, రక్తపోటు ఆ డాక్టరు చేతిలోనే ఉంటాయి. ఆ పనికి ఆధారం ఏమిటో తెలుసా? బోరు మోటారు, కాలువ గట్టు, వంటింటి గ్యాస్‌బండ మనకు రోజూ చూపించే భౌతికశాస్త్రమే!

* * *

కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ బయట ఎప్పుడు చూసినా జనమే. ఆదోని నుంచి ఒకరు, నంద్యాల నుంచి ఒకరు, పొలం పని వదిలేసి పల్లె నుంచి వచ్చినవారు ఇంకొకరు. లోపలికి తీసుకెళ్లే ముందు రోగిని అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా, తాగారా?’’

‘‘ఏం లేదు సార్’’ అంటుంది పక్కనున్న అత్తమ్మ. ఆమె చెప్పనిది ఒకటి ఉంటుంది. కోడలు నీరసపడిపోతుందేమోనని తెల్లారి కాఫీ తాగించి ఉంటుంది. ‘‘రోంత కాఫీనే గదమ్మా, ఏమైతుంది?’’ అని ఆమె ధీమా. ఏమవుతుందో చివర్లో చెప్పుకుందాం. అది అర్థం కావాలంటే ముందు తలుపు అవతల ఏం జరుగుతుందో తెలియాలి.

నాలుగున్నర బోర్ల బరువు

మత్తు యంత్రం వెనక ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది. నిండు సిలిండర్లో పీడనం చదరపు అంగుళానికి దాదాపు 2000 పౌండ్లు. కారు టైరులో ఉండేది 30 పౌండ్లు. మన భాషలో చెప్పాలంటే, 1400 మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెడితే అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో అంత. సీమలో వెయ్యి అడుగుల బోరు అంటే ఎంత లోతో రైతులకు చెప్పక్కర్లేదు. అలాంటివి నాలుగున్నర బోర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, నిండా నీళ్లు పోసినట్టు!

మరి మన ఊపిరితిత్తులు భరించగలిగేది ఎంత? మత్తులో ఉన్న మనిషికి యంత్రం శ్వాస ఇచ్చేటప్పుడు వాడే పీడనం మామూలుగా 15 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. అంటే జానెడు నీళ్లు. అంతే!

సిలిండర్లోని ఒత్తిడిలో ఏడువేలో వంతు అది. తేడా వస్తే ఊపిరితిత్తి చిల్లుపడుతుంది. అందుకే మెట్లు మెట్లుగా దించుతారు. సిలిండర్ మూతి దగ్గర ఉండే రెగ్యులేటర్ 2000 పౌండ్లను 60 పౌండ్ల దరిదాపుకు తెస్తుంది. ఆ తర్వాత గాజు గొట్టంలో చిన్న బిళ్ల పైకి తేలుతూ నిమిషానికి ఎన్ని లీటర్లు పోతోందో చూపిస్తుంది. కొత్త యంత్రాల్లో ఆ అంకె తెర మీద కనిపిస్తుంది. చివర్లో ఒత్తిడి పెరిగితే తెరుచుకునే వాల్వు కాపలా ఉంటుంది. కుక్కర్ మీద సేఫ్టీ వాల్వు చేసే పనే అది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆక్సిజన్ సిలిండర్లో ఉండేది వాయువు. సగం అయిపోతే గడియారం ముల్లు కూడా సగానికి దిగుతుంది. నైట్రస్ ఆక్సైడ్ అలా కాదు. అది సిలిండర్లో ద్రవంగా ఉంటుంది. ద్రవం ఉన్నంతసేపూ ముల్లు దాదాపు కదలదు. అది పూర్తిగా ఆవిరయ్యాక ఒక్కసారిగా పడిపోతుంది. వంటింట్లో గ్యాస్‌బండ చివరిదాకా బాగానే మండి, పప్పు సగం ఉడికాక ఆరిపోవడం గుర్తొచ్చిందా? కారణం అదే. అందుకే రెండింటిలోనూ ఎంత మిగిలిందో బరువు తూస్తేనే తెలుస్తుంది.

పీడనం పడిపోతే ఏమవుతుందో రాయలసీమ కళ్లారా చూసింది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమైంది. గొట్టాల్లో పీడనం తగ్గింది. అది నిమిషాల వ్యవధే. అధికారులు ప్రకటించిన లెక్క ప్రకారం 11 మంది కొవిడ్ రోగులు చనిపోయారు. గొట్టంలో పీడనం అంటే పుస్తకాల్లో ఉండే అంకె కాదని ఆ రాత్రి చెప్పింది.

సూది సన్నమైతే...

కర్నూలు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. దాని మీద ప్రమాదం జరిగి, రక్తం బాగా పోయిన మనిషిని తెస్తే మత్తు డాక్టరు ముందు చూసేది చేతికి ఏ రంగు సూది ఉందనే. వార్డుల్లో ఎక్కువగా కనిపించే గులాబీ రంగు 20 నంబరు సూదిలోంచి సెలైన్ నిమిషానికి దాదాపు 60 మిల్లీలీటర్లు పోతుంది. అర లీటరు సీసా అయ్యేసరికి ఎనిమిది నిమిషాలు పైనే. అదే బూడిద రంగు 16 నంబరుదైతే సుమారు మూడు నిమిషాలు చాలు. ఈ సూదుల్లో నంబరు తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది.

లావు కొంచెం పెరిగితే ధార ఇంత పెరగడమేమిటి? 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన ప్వాజే అనే వైద్యుడు, జర్మనీ ఇంజినీరు హాగెన్ విడివిడిగా ఈ లెక్క తేల్చారు. ద్రవం నెమ్మదిగా, వరుస తప్పకుండా పారుతున్నప్పుడు గొట్టం వెడల్పు రెట్టింపైతే ధార రెట్టింపు కాదు, నాలుగు రెట్లు కూడా కాదు... 16 రెట్లు అవుతుంది! గొట్టం పొడవు రెట్టింపైతే ధార సగమవుతుంది. అందుకే ప్రాణం మీదికి వచ్చినప్పుడు పొట్టిగా, లావుగా ఉన్న సూదే కావాలి.

ఈ లెక్కకు రెండో ముఖం కూడా ఉంది. చంటిబిడ్డ శ్వాసనాళం వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. లోపల చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే దారి సగమైపోతుంది. గాలికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లకు గొంతు గరగరలాడే పాటి వాపు పసివాళ్లకు గండం కావడం ఇందుకే. ‘పిల్లాడికి కాస్త జలుబు, అంతే కదా’ అని ఆపరేషన్‌కు ముందు దాచకూడదు.

కాలువ చివరి పొలం

సుంకేశుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలయ్యే కేసీ కెనాల్ మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగి కడపకు చేరుతుంది. 1863లో తవ్వకం మొదలైన ఈ కాలువకు మోటారు లేదు. వాలే దాని బలం. తల దగ్గర నీళ్లు నిండుగా ఉన్నాయంటే చివరి పొలానికి అందినట్టేనా? ఆయకట్టు చివరి రైతును అడిగితే తెలుస్తుంది.

మన ఒంట్లో కూడా ఇదే కథ. బీపీ పట్టీ కట్టేది చేతికి. కానీ రక్తం అందాల్సిన ముఖ్యమైన పొలం మెదడు. పడుకున్నప్పుడు రెండూ ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి చింతలేదు. భుజం ఆపరేషన్లలాంటి కొన్నింటికి రోగిని కూర్చోబెట్టాల్సి వస్తుంది. అప్పుడు తల పైకి వెళ్తుంది. పట్టీకంటే మెదడు 20 సెంటీమీటర్లు ఎత్తున ఉంటే అక్కడి పీడనం 15 మిల్లీమీటర్లు తక్కువ. చేతి దగ్గర 90 చూపిస్తే మెదడుకు అందేది 75! తెర మీది అంకె చూసి ఊరుకోకుండా ఈ కూడిక తీసివేతలు చేసుకుంటూ ఉండాల్సింది మత్తు డాక్టరే.

సెలైన్ సీసాను ఎత్తున వేలాడదీసేదీ అందుకే. దాన్ని మంచం కిందికి దించితే గొట్టంలోకి రక్తం వెనక్కి వస్తుంది. అది చూసి మనం కంగారుపడతాం. నీరు పల్లమెరుగు, అంతే.

సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చే మత్తులోనూ బరువుదే ఆట. ఆ మందులో గ్లూకోజు కలిపి, వెన్నులోని నీటికంటే బరువుగా చేస్తారు. నీళ్ల గ్లాసులో బెల్లం పాకం పోస్తే అడుక్కి దిగినట్టు మందు పల్లానికి జారుతుంది. బల్లను అటూ ఇటూ వంచి మత్తు ఎంతవరకు పాకాలో సరిచేస్తారు.

సబ్బు బుడగల రహస్యం

రెండు సబ్బు బుడగల్ని, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, సన్న గొట్టంతో కలిపితే ఏమవుతుంది? పెద్దదాని గాలి చిన్నదానిలోకి వస్తుందనుకుంటాం. కానీ చిన్నదే ముడుచుకుపోయి దాని గాలంతా పెద్దదానిలోకి వెళ్తుంది. నీటి పైపొర బిగువు, అంటే తలతన్యత, బుడగ చిన్నదయ్యేకొద్దీ లోపల ఒత్తిడి పెంచుతుంది.

మన ఊపిరితిత్తుల్లో అలాంటి తడి బుడగలు కోట్లల్లో ఉన్నాయి. అవి ముడుచుకోకుండా కాపాడేది లోపల ఊరే సబ్బులాంటి పదార్థం, సర్ఫాక్టంట్. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు అది చాలదు. 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ ఈ సంగతి బయటపెట్టారు. అయినా 1963లో అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు ప్యాట్రిక్ నెలలు నిండకుండా పుట్టి, ఇదే జబ్బుతో రెండు రోజులకే చనిపోయాడు. అప్పటికి చేతిలో మందు లేదు. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా బృందం సర్ఫాక్టంట్‌నే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోసి బిడ్డల్ని బతికించింది. నెలలు నిండకుండానే నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చేది కూడా బిడ్డలో ఆ సబ్బు త్వరగా ఊరాలనే.

పూర్తి మత్తులో ఉన్న పెద్దవాళ్లకూ ఊపిరితిత్తుల అడుగు భాగంలో కొన్ని బుడగలు ముడుచుకుంటాయి. అందుకే చాలాసార్లు శ్వాస బయటికి వదిలాక కూడా లోపల నాలుగైదు సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మిగిలేలా యంత్రాన్ని అమరుస్తారు. బుడగ పూర్తిగా మూతపడితే మళ్లీ తెరవడం కష్టం మరి!

నిజాం సొమ్ముతో పరీక్ష

ఈ విద్యలో తెలుగు నేలకూ పాత్ర ఉంది. క్లోరోఫాం ప్రాణం తీస్తే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఇది తేల్చడానికి హైదరాబాద్‌లో 1888లో ఒకటి, 1889లో ఒకటి కమిషన్లు కూర్చున్నాయి. ఖర్చు నిజాంది, నడిపించింది డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువుల మీద రక్తపోటు గీతలు తీసి, ఊపిరి ముందు ఆగుతుందని, దాన్ని గమనిస్తే చాలని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ చేసిన పరిశోధన గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని చూపించింది. ఒక్కదాన్నే కనిపెడితే చాలదని వైద్యం నేర్చుకుంది. ఇప్పుడు గుండె, ఊపిరి, ఆక్సిజన్, రక్తపోటు అన్నీ ఒకే తెర మీద కనిపించేది అందుకే.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు తరలిన రోజుల్లోనే కర్నూలులో మెడికల్ కాలేజీ మొదలైంది. కడపకు 2006లో రిమ్స్ వచ్చింది. సీమ పల్లెల నుంచి వచ్చేవారికి ఈ విద్య అందేది ఎక్కువగా ఇలాంటి చోటే.

ఇంతకీ ఆ కాఫీ?

అన్నవాహిక చివర, పొట్ట మూతి దగ్గర ఒక కండరం కవాటంలా బిగిసి ఉంటుంది. లోపలిది పైకి రాకుండా ఆపేది అదే. మత్తు ఇచ్చాక ఆ బిగువు సడలుతుంది. పొట్టలో ఏదైనా ఉంటే గొంతులోకి ఎగదన్నుతుంది. దగ్గి బయటికి తోసే శక్తి అప్పుడు మనిషికి ఉండదు. జానెడు నీటి ఒత్తిడిని లెక్కపెట్టి పంపుతున్న ఊపిరితిత్తుల్లోకి పొట్టలోని ఆమ్లం దిగుతుంది. గర్భిణుల్లో కడుపు ఒత్తిడి ముందే ఎక్కువ కాబట్టి ప్రమాదమూ ఎక్కువ.

అందుకే మామూలుగా పెట్టే గడువు ఇది... నూనె, మాంసం ఉన్న భోజనమైతే 8 గంటలు, తేలికపాటి తిండికి, పాలకు 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు. పాలు కలిపిన కాఫీ పాల లెక్కలోకే వస్తుంది. రోగిని బట్టి డాక్టరు చెప్పిందే చివరి మాట.

పొరపాటున తాగితే తప్పేం లేదు. దాచడమే తప్పు. ‘‘ఆరు గంటలకు రోంత కాఫీ తాగింది సార్’’ అని ఆ అత్తమ్మ నిజం చెబితే ఏమవుతుంది? ఆపరేషన్ కాసేపు ఆగుతుంది. ఆగే వీల్లేకపోతే డాక్టరు మత్తు ఇచ్చే పద్ధతి మారుస్తారు. కోడలు మాత్రం క్షేమంగా బయటికి వస్తుంది.