చెరువు కాపలా మనది, కమిటీ ఎవరిది?

నీళ్లు కాపాడుకుందాం, ఊరంతా కలిసి కమిటీ వేసుకుందాం అంటే కాదనేవాళ్లుండరు. కాని ఊరంటే ఎవరు?

నవీపేట్ మండలంలోని కోస్లి దగ్గరనే అలీసాగర్ ఎత్తిపోతల పథకం గోదావరి నీళ్లు తోడుతుంది. పక్కనే బోధన్. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువల కింద చెరుకు పెరిగింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతబడ్డా వరి నీళ్లు తాగుతూనే ఉంది. పొలం కోసం ఇంత ఏర్పాటు జరిగిన చోట వాడ తాగే నీళ్ల సంగతేమిటి?

గుట్ట మీద, చెల్కల మీద పడ్డ వాన ఏ వాగులో కలిసి ఏ కుంటకు చేరుతదో, ఆ జాగంతా కలిపి ఒక వాటర్‌షెడ్. పైన ఆపిన నీరు కింది బావుల్లో ఊరుతుంది. పైన కలిసిన మురికి, పురుగుమందు కూడా కిందికే వస్తాయి. పైన బోర్లు పెరిగితే కింద చేతిపంపు ఎండుతుంది. బోరు భూమి ఉన్నోళ్లది. చేతిపంపు వాడది.

తెలంగాణలో చెరువును కాసింది నీరడి. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరిగి గండి పడకుండా చూసేది, తూము తీసి మడిమడికీ నీళ్లు పారించేది ఆయనే. చాలా ఊళ్లలో నీరడులు మాల మాదిగలే. చెరువు నీళ్లు పంచిన చేతికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. 1997 నీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు కూడా ఓటును ఆయకట్టు భూమికే ముడిపెట్టారు. భూమి లేని నీరడి వంశం లెక్కలోకి రాలేదు.

ఇక నిజామాబాద్ జిల్లా వి.డి.సి.లు. ఊరి ఉమ్మడి వనరుల మీద పెత్తనం చేసే ఈ కమిటీలకు చట్టం ఇచ్చిన అధికారమేమీ లేదు. ఎదురు తిరిగినోళ్లను సాంఘిక బహిష్కరణ చేసిన సంఘటనలు ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. ఇట్లాంటి కమిటీ చేతికే వాటర్‌షెడ్ పోతే వాడకు మిగిలేదేమిటి?

తాగే నీళ్లను కాపాడుకోవడం మనకు కొత్త కాదు. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు కుడితి బకెట్లు కడిగితే మనోళ్లు అడ్డు చెప్పారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మరునాటి దాడిలో ఆరుగురు మాదిగలను చంపారు. దళితులు తాగే నీటిని పాడుచేయడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమైంది. 2015 సవరణతో సాంఘిక బహిష్కరణ కూడా నేరమే.

కనుక నీటి కమిటీ వేస్తామంటే ముందు మూడు సంగతులు అడగాలె. ఓటు పట్టాను బట్టా, మనిషిని బట్టా? కరువొస్తే మొదటి బిందె వాడదా, మొదటి తడి పొలందా? నీటి పరీక్ష ఫలితం, డబ్బు లెక్క గ్రామసభలో అందరి ముందూ చదువుతారా? వీటికి జవాబు లేని కమిటీ చెరువును కాపాడొచ్చు. కాపాడిన నీళ్లు మాత్రం వాడకు చేరవు.