తెర మీద వెలిగే ప్రమిద

కంప్యూటర్ తెర మీద ఏ బొమ్మా తెలుపును మించి వెలగలేదు. ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులకు 0 నుంచి 255 దాకా అంకెలుంటాయి. మూడూ 255కు చేరితే అచ్చమైన తెలుపు వస్తుంది, అంతకు మించి తెర ఇవ్వగలిగింది లేదు. తెల్ల కాగితం ఫొటోలో ఉండేదీ, దీపం ఫొటోలో ఉండేదీ ఇంచుమించు అదే తెలుపు. అయినా ఒకటి ఉత్త కాగితంలా కనిపిస్తుంది, ఇంకొకటి వెలుగుతున్నట్టే ఉంటుంది. ఈ తేడా అంతా ఆ తెలుపు చుట్టూ ఉన్న రంగులు తెచ్చిపెట్టింది. అందుకే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో దీపం వెలిగించాలనుకునేవారు జ్వాల కన్నా దాని చుట్టుపక్కల మీద ఎక్కువ శ్రమ పెట్టాలి.

దీనికి మూలం మన కంట్లోనే ఉంది. చీకట్లో దీపాన్ని చూసినప్పుడు కంట్లోకి వెళ్లిన కాంతి అంతా ఒక్క చోటికే చేరదు. కొంత కంటి లోపలే చెదిరి, దీపం చుట్టూ మసకగా ఒక వలయంలా కనబడుతుంది. కెమెరా లెన్స్‌లోనూ ఇలాగే జరుగుతుంది. పొగమంచు రాత్రి వీధిదీపం చుట్టూ ఆ వలయం మరీ పెద్దదవుతుంది, అక్కడ కాంతిని చెదరగొట్టేవి గాలిలోని నీటి తుంపరలు. ఇలా చూసీ చూసీ అలవాటైన మెదడు, అంచు లేకుండా మెల్లమెల్లగా తగ్గిపోయే రంగు ఎక్కడ కనబడినా దాని నడుమ ఒక దీపం ఉందనే అనుకుంటుంది.

చిత్రకారులు ఈ సంగతిని కంప్యూటర్ల కన్నా చాలా ముందే పట్టుకున్నారు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌కు వెళ్లినవారిని తప్పకుండా ఆపేసే బొమ్మ ఒకటుంది: దీపం పట్టుకుని నిలబడ్డ చీరకట్టు అమ్మాయి. చాలామంది రవివర్మ గీశాడనుకునే ఆ బొమ్మను 1940లలో ఎస్.ఎల్. హల్దంకర్ నీటిరంగుల్లో వేశారు. దీపానికి అడ్డు పెట్టిన చేతివేళ్ల అంచులు ఎర్రగా వెలగడం, ముఖం మీద వెచ్చని రంగు పడటం, చీర కిందికి పోయేకొద్దీ చీకట్లో కలిసిపోవడం, ఇవన్నీ కలిసి కాగితం మీద దీపం వెలిగించాయి. దీపం బొమ్మ చేయబోయేవారు సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు ఆ బొమ్మను కాసేపు చూడటం ఎంతో మేలు.

ఇక ఆ వెలుగును కదిలించడం సినిమావాళ్లు నేర్పిన విద్య. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’లో కాంతి ఖడ్గాల మెరుపును ఫ్రేము ఫ్రేముకూ చేత్తో గీసి కలిపారు. 1982 నాటి ‘ట్రాన్’లో పాత్రల దుస్తుల మీద మెరిసే గీతల కోసం ఫ్రేములను పెద్ద ఫిల్ములుగా తీయించి, వెనక నుంచి కాంతి పంపి మళ్లీ చిత్రీకరించారు. వందలాది మంది కష్టపడిన ఆ పనిలోని మూలసూత్రం ఈనాడు ఇంట్లోని మామూలు కంప్యూటర్‌తోనూ ఆచరణలో పెట్టుకోవచ్చు.

అందుకు తగిన సాధనం జింప్. 1995లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ దీన్ని మొదలుపెట్టారు. ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది. క్రిటా వంటి సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ కోసం ప్రత్యేకమైన టైమ్‌లైన్ ఉంటుంది కాబట్టి పొడవైన యానిమేషన్‌కు అదే నయం. ఒక్క ప్రమిద వెలిగించడానికి జింప్ చాలు, పైగా లోపల ఏం జరుగుతోందో ఇందులోనే తేటగా అర్థమవుతుంది.

ముందు 400 పిక్సెళ్ల వెడల్పు, 400 పిక్సెళ్ల ఎత్తు ఉన్న కొత్త కాన్వాస్ తెరిచి, నేపథ్యాన్ని చీకటితో నింపాలి. కటిక నలుపు కన్నా కొంచెం గోధుమ ఛాయ కలిసిన నలుపు దీపానికి బాగుంటుంది. తర్వాత ప్రమిదకు ఒక లేయర్, జ్వాలకు ఇంకొక లేయర్ విడివిడిగా పెట్టుకోవాలి. లేయర్ అంటే బొమ్మలో ఒక భాగాన్ని మాత్రమే మోసే పారదర్శకమైన పొర. ఒకదాన్ని మార్చినా మిగిలినవి చెదరవు. ప్రమిదకు ఎలిప్స్ సెలెక్ట్‌తో కోడిగుడ్డు ఆకారం గీసి ఇటుక రంగు నింపి, పైభాగాన్ని కొద్దిగా చెరిపేస్తే సరిపోతుంది.

జ్వాల దగ్గర మాత్రం తొందరపడకూడదు. నిజమైన దీపాన్ని గాలి ఆడని చోట పెట్టి చూస్తే అది ఒకే రంగులో ఉండదని తెలుస్తుంది. అడుగున, వత్తిని ఆనుకుని సన్నని నీలం ఉంటుంది. వత్తి చుట్టూ, ఆవిరైన నూనె ఇంకా అంటుకోని చోట, కాస్త మసక. దాని పైన కాంతివంతమైన లేత పసుపు. ఆ పసుపునిచ్చేవి పూర్తిగా కాలకుండా వేడికి ఎర్రబారి మెరిసే మసి రేణువులు. కొనకు చేరేసరికి రంగు కాస్త నారింజకు తిరుగుతుంది. ఫ్రీ సెలెక్ట్‌తో బాదంగింజ ఆకారం గీసి, మధ్యలో తెలుపుకు దగ్గరైన పసుపు, కొనకు నారింజ, అడుగున నీలం చుక్క పెట్టి, అంచులను రెండు మూడు పిక్సెళ్ల మేర బ్లర్ చేస్తే జ్వాల తయారవుతుంది. ఇప్పటికి అది వెలగదు, చీకట్లో అతికించిన పసుపు కాగితం ముక్కలా ఉంటుంది.

వెలుగు వచ్చేది వలయాలతో. జ్వాల లేయర్‌కు మూడు నకళ్లు తీసి, వాటిని జ్వాల కిందికి జరపాలి. మొదటి నకలును కొంచెం పెంచి పసుపుగా, రెండోదాన్ని ఇంకా పెంచి నారింజగా, మూడోదాన్ని బాగా పెంచి ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగుగా మార్చుకోవాలి. ఇలా పెంచకుండా బ్లర్ చేస్తే ఉన్న కొద్ది రంగూ నలుదిక్కులా పలచబడి కనబడకుండా పోతుంది. తర్వాత గాసియన్ బ్లర్‌ను మొదటిదానికి 8, రెండోదానికి 25, మూడోదానికి 70 పిక్సెళ్ల చొప్పున ఇవ్వాలి. గాస్ అనే జర్మన్ గణితవేత్త పేరుతో ప్రసిద్ధమైన గంట ఆకారపు వక్రరేఖ ప్రకారం రంగు నడుమ దట్టంగా, పక్కలకు పోయేకొద్దీ పలచగా పరుచుకుంటుంది. ఒకే వలయంతో సరిపెడితే బొమ్మ మబ్బు పట్టినట్టుంటుంది. దగ్గరగా చిక్కని వెలుగు, దూరంగా పలచని వెలుగు రెండూ ఉంటేనే కన్ను నమ్ముతుంది.

కొత్తవారు ఎక్కువగా చిక్కుకునే చోటు కూడా ఇదే. బ్లర్ చేసిన వెలుగు ఒక్కోసారి చాకుతో కోసినట్టు తిన్నని గీత దగ్గర ఆగిపోతుంది. లేయర్ హద్దు కాన్వాస్ కన్నా చిన్నదిగా ఉండటమే దీనికి కారణం. లేయర్ మెనూలో ‘లేయర్ టు ఇమేజ్ సైజ్’ నొక్కి, ఆ తర్వాత బ్లర్ చేస్తే గీత పోతుంది. సెలెక్షన్ ఏదైనా మిగిలిపోయినా వెలుగు దాని లోపలే ఉండిపోతుంది కాబట్టి బ్లర్‌కు ముందు దాన్ని తీసేయాలి.

వలయాల లేయర్ మోడ్‌ను ‘నార్మల్’ నుంచి ‘స్క్రీన్’కు మార్చడం తర్వాతి పని. ఒక చోట కింది లేయర్‌లో 150, పై లేయర్‌లో 150 విలువ ఉందనుకుందాం. నేరుగా కూడితే 300 అవుతుంది. తెర 255 దాటలేదు కాబట్టి అక్కడ తేడాలన్నీ చెరిగిపోతాయి. స్క్రీన్ మోడ్ మరో దారిలో పోతుంది. రెండు విలువలూ 255కు ఎంత తక్కువో చూసి, ఆ రెండు తక్కువలనూ గుణించి, 255తో భాగించి, వచ్చినదాన్ని 255లోంచి తీసేస్తుంది. ఇక్కడ 105ను 105తో గుణించి 255తో భాగిస్తే దాదాపు 43, అంటే జవాబు 212. వెలుగు పెరిగింది, హద్దు మాత్రం దాటలేదు. రెండు దీపాల కాంతి ఒకే గోడ మీద పడినప్పుడు కలిగే అనుభూతికి ఇది దగ్గరగా ఉంటుంది.

ఇంకొక్క మెరుగు దిద్దితే బొమ్మ నిలబడుతుంది. ప్రమిద పై అంచు మీద, వత్తికి దగ్గరగా, సన్నని నారింజ గీత గీయాలి. ప్రమిద అడుగు భాగాన్ని మరింత ముదురు చేయాలి. దీపం కింద చీకటి అన్న మాట ఇక్కడ అక్షరాలా పాటించవలసిందే. ఆ నీడ లేకపోతే ప్రమిద గాలిలో తేలుతున్నట్టుంటుంది.

ఇక కదలిక. జింప్‌లో యానిమేషన్ అంటే ఒక్కో లేయర్ ఒక్కో ఫ్రేము కావడమే. అన్నిటికన్నా అడుగున ఉన్నది మొదటి ఫ్రేము. వలయాల ఒపాసిటీని, అంటే అవి ఎంత దట్టంగా కనబడాలో చెప్పే శాతాన్ని, మార్చడం, ‘న్యూ ఫ్రమ్ విజిబుల్’ అనే ఆదేశంతో కనబడుతున్నదంతా ఒకే లేయర్‌గా తీసుకోవడం, ఆ కొత్త లేయర్‌ను దాచేసి మళ్లీ ఒపాసిటీ మార్చడం. పని ఇంతే. దాచడం మరిచిపోతే తర్వాతి ఫ్రేములో పాత వెలుగే వచ్చి కూర్చుంటుంది.

ఏ ఫ్రేముకు ఎంత ఒపాసిటీ ఇవ్వాలన్నదే అసలు కళ. 40 శాతం నుంచి 100 దాకా సమానమైన మెట్లతో ఎక్కించి దించితే వెలుగు పైన, కింద ఠక్కున తిరిగి యంత్రంలా అనిపిస్తుంది. గణితంలోని సైన్ తరంగాన్ని అనుసరిస్తే ఆ లోపం పోతుంది. 16 ఫ్రేములకు ఆ విలువలు వరుసగా 40, 42, 49, 59, 70, 81, 91, 98, 100, ఆ తర్వాత 98, 91, 81, 70, 59, 49, 42. కొసల దగ్గర మార్పు రెండేసి అంకెలు, నడుమ పదకొండేసి. వెలుగు శ్వాస తీస్తున్నట్టుంటుంది. చివర మళ్లీ 40 పెట్టకూడదు. చక్రం తిరిగి మొదటికి వచ్చినప్పుడు 40 ఎలాగూ వస్తుంది, రెండుసార్లు వస్తే అక్కడ చిన్న తడబాటు కనిపిస్తుంది.

గాలికి రెపరెపలాడే దీపం కావాలంటే ఈ క్రమం పనికిరాదు. అలాగని తోచిన అంకెలు వేస్తే దీపం లూజ్ కాంటాక్ట్ ఉన్న బల్బులా కొట్టుకుంటుంది. క్రమం ఉండకూడదు, కానీ పక్కపక్క విలువల మధ్య దూకుడూ ఉండకూడదు. ‘ట్రాన్’ సినిమాకు పనిచేసిన కెన్ పెర్లిన్ ఆ తర్వాత ఇలాంటి మృదువైన యాదృచ్ఛికతను కంప్యూటర్‌తో పుట్టించే పద్ధతి కనిపెట్టారు. సినిమాల్లో పొగ, మంట, మేఘాలకు అది ఎంతగా అక్కరకొచ్చిందంటే, 1997లో ఆయనకు ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. చేత్తో చేసేటప్పుడు 88, 92, 90, 83, 76, 80, 89, 95 వంటి వరుస ఆ పని చేసిపెడుతుంది. రెండు మూడు ఫ్రేముల్లో జ్వాల కొనను ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకు వంచితే గాలి తగిలినట్టే ఉంటుంది.

మెరుపు వేగం విషయంలో జాగ్రత్త అవసరం. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ప్రసారమైన ఒక పోకెమాన్ కార్టూన్ భాగంలో ఎరుపు, నీలం రంగులు అతివేగంగా మారిమారి మెరవడంతో 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. వేగంగా మారే వెలుగు కొందరిలో మూర్ఛ తెప్పించగలదు. అందుకే వెబ్ ప్రమాణాలు సెకనుకు మూడు మెరుపులకు మించవద్దంటాయి. ఫ్రేముకు 100 మిల్లీసెకన్ల చొప్పున 16 ఫ్రేముల దీపం ఒక్కసారి పెరిగి తగ్గడానికి 1.6 సెకన్లు తీసుకుంటుంది. అది కంటికీ హాయి, ఆరోగ్యానికీ క్షేమం.

ఫ్రేములన్నీ వచ్చాక ఫైల్‌ను మరో పేరుతో సేవ్ చేసి, ఆ నకలులో ఫ్రేములను మాత్రం ఉంచి మిగిలిన లేయర్లను తీసేయాలి. ఫిల్టర్స్ మెనూలోని యానిమేషన్ విభాగంలో ‘ప్లేబ్యాక్’ నొక్కితే దీపం వెలుగుతుంది. సంతృప్తిగా ఉంటే జిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ‘యాజ్ యానిమేషన్’, ‘లూప్ ఫరెవర్’ అనే గడులలో టిక్ పెట్టాలి.

జిఫ్ 1987లో కాంప్యుసర్వ్ సంస్థ తెచ్చిన పాత పద్ధతి. ఒక ఫ్రేములో 256 రంగులకు మించి ఇముడ్చుకోలేదు. మెల్లగా కరిగిపోయే వెలుగుకు అది చాలక, వలయం పట్టీలు పట్టీలుగా చీలినట్టు కనిపిస్తుంది. డిథరింగ్ ఎంచుకుంటే రంగుల చుక్కలు చల్లినట్టై పట్టీలు మరుగునపడతాయి, ఫైల్ మాత్రం బరువెక్కుతుంది. పారదర్శక నేపథ్యం కోరుకుంటే ఇంకో చిక్కు. జిఫ్‌లో పిక్సెల్ పూర్తిగా కనబడుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది, సగం సగం కుదరదు. వలయం అంచు రంపపు పళ్లలా తయారవుతుంది. కాబట్టి జిఫ్‌లో చీకటి నేపథ్యాన్ని ఉంచేయడమే మంచిది. పారదర్శకత తప్పనిసరైతే వెబ్‌పీ ఎంచుకోవాలి, జింప్ దానిలోనూ యానిమేషన్ సేవ్ చేస్తుంది.

దీపావళి శుభాకాంక్షలకు ఒక్క ప్రమిద చాలకపోతే వరుస పేర్చుకోవచ్చు. లేయర్లన్నీ విడివిడిగా ఉన్న అసలు ఫైల్ అప్పుడు పనికొస్తుంది కనుక దాన్ని చెరిపేయకూడదు. ప్రమిద, జ్వాల, వలయాలను కలిపి ఒక గ్రూపు చేసి, పక్కపక్కనే నకళ్లు పెట్టాలి. అన్నీ ఒకేసారి పెరిగి ఒకేసారి తగ్గితే సీరియల్ సెట్ వెలిగినట్టుంటుంది. మొదటి దీపం 40తో మొదలైతే రెండోదాన్ని 81తో, మూడోదాన్ని 91 నుంచి దిగుతున్న చోట మొదలుపెట్టి, అదే 16 విలువల చక్రాన్ని తిప్పాలి. దూరంగా ఉన్న దీపాలకు వలయాన్ని చిన్నది చేసి, రంగును కొంచెం ఎరుపు వైపు జరిపితే వరుసకు లోతు వస్తుంది.