నెయిల్ పాలిష్ ఉంటే ఆపరేషన్ థియేటర్‌లోకి నో ఎంట్రీ.. అసలు ముప్పు రంగుతోనా, గోరుతోనా?

నిన్న రాత్రి చుట్టాల పెళ్లి. పొద్దున్నే ఏడింటికి డ్యూటీ. ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే నర్సు హడావుడిగా హాస్పిటల్‌కి వచ్చేసరికి గోళ్లకు మెరుపుల నెయిల్ పాలిష్ అలాగే ఉంది. లోపలికి వెళ్లాలంటే ముందు అది తీసేయాల్సిందే. గ్లోవ్స్ ఎలాగూ వేసుకుంటారు కదా, మరి గోటి మీద కాస్త రంగుంటే ఏమవుతుంది? ఈ డౌట్ చాలామందికి వస్తుంది. దీనికి సమాధానం మనం అనుకున్నంత సింపుల్‌గా లేదు.

ముందు గోటి సంగతి చూద్దాం. చేతిలో ఎక్కువ బ్యాక్టీరియా ఉండేది అరచేతిలో కాదు, గోటి కింద. గోరుకీ చర్మానికీ మధ్య ఉండే ఆ సన్నటి సందులో తేమ ఉంటుంది, మురికి చేరుతుంది. సబ్బుగానీ శానిటైజర్‌గానీ అక్కడికి సరిగా చేరదు. గోరు ఎంత పెరిగితే ఆ సందు అంత పెద్దదవుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతుల పరిశుభ్రత మార్గదర్శకాల్లో వైద్య సిబ్బంది గోళ్ల చివర్లు అర సెంటీమీటరు కంటే తక్కువే ఉండాలని చెప్పింది. పేషెంట్లను ముట్టుకునేవాళ్లు అతికించుకునే గోళ్లు అసలు పెట్టుకోకూడదని కూడా అందులోనే ఉంది.

మరి గ్లోవ్స్? ఇక్కడే చాలామంది పొరబడతారు. సర్జరీ పూర్తయ్యాక చూస్తే సగటున 18 శాతం గ్లోవ్స్‌కి కంటికి కనిపించనంత చిన్న చిల్లులు ఉంటున్నాయని అదే డాక్యుమెంట్ చెబుతోంది. ఆ చిల్లుల్లో 80 శాతానికి పైగా సర్జన్ గమనించనే గమనించరు. సూదులు, కత్తులు, ఎముకల అంచులు.. వీటి మధ్య గంటల తరబడి పని. చిల్లు పడితే గ్లోవ్ లోపల ఏముందో అది నేరుగా పేషెంట్ గాయంలోకి చేరే ప్రమాదం ఉంది. థియేటర్‌లోకి వెళ్లే ముందు మోచేతుల దాకా నిమిషాల తరబడి చేతులు శుభ్రం చేసుకునేది ఇందుకే. ఉంగరాలు, గాజులు, వాచీ అంతకుముందే తీసేయాలి.

ఇదేదో పుస్తకాల్లో రాసుకునే భయం కాదు. 1990ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గుండె ఆపరేషన్లు చేయించుకున్న కొందరికి సెరేషియా అనే బ్యాక్టీరియాతో గాయాలు ఇన్ఫెక్ట్ అయ్యాయి. ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీస్తే చివరికి థియేటర్‌లో పనిచేసిన ఒక నర్సు దగ్గర తేలింది. ఆమెకు అతికించుకున్న గోళ్లున్నాయి. ఆమె ఇంట్లో వాడే క్రీమ్ డబ్బాలోనూ అదే బ్యాక్టీరియా దొరికింది. అంటే సమస్య మొదలైంది హాస్పిటల్ బయట! ఆ క్రీమ్ పారేశాక కొత్త కేసులు రాలేదు.

ఇంతకంటే విషాదం ఓక్లహోమా సిటీలో జరిగింది. 1997, 98 సంవత్సరాల్లో అక్కడి ఒక నవజాత శిశువుల ఐసీయూలో 15 నెలల వ్యవధిలో 46 మంది పసికందులకు సూడోమోనాస్ ఇన్ఫెక్షన్ సోకింది. వాళ్లలో 16 మంది చనిపోయారు. దర్యాప్తు చేస్తే ఇద్దరు నర్సులు చూసుకున్న పిల్లలకు సోకే అవకాశం ఎక్కువగా ఉన్నట్టు బయటపడింది. ఒకరికి పొడవాటి సహజ గోళ్లు, ఇంకొకరికి పొడవాటి కృత్రిమ గోళ్లు. ఇన్ఫెక్షన్ వ్యాపించడానికి ఆ గోళ్లు కూడా ఒక కారణమై ఉండొచ్చని పరిశోధకులు తేల్చారు. కావాలని ఎవరూ చేసింది కాదు. వాళ్లూ అందరిలాగే చేతులు కడుక్కున్నవాళ్లే.

గమనించారా.. ఈ రెండు ఘటనల్లోనూ వేలు చూపించింది గోళ్ల పొడవువైపు, అతికించుకున్న గోళ్లవైపు. నెయిల్ పాలిష్ వైపు కాదు.

నిజానికి పొట్టిగా కత్తిరించుకున్న గోటి మీద కొత్తగా వేసిన పాలిష్ ప్రమాదకరమని గట్టి ఆధారం ఇప్పటిదాకా లేదు. 1994లో అమెరికాలో 102 మంది థియేటర్ నర్సుల గోళ్లను పరీక్షించారు. పెచ్చులూడిన పాలిష్, వేసి నాలుగు రోజులు దాటిన పాలిష్ ఉన్న గోళ్ల మీద బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటోందని ఆ స్టడీ చేసినవాళ్లు చెప్పారు. కొత్త పాలిష్‌తో అలాంటి తేడా కనిపించలేదు. అయితే వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ నిపుణులు తర్వాత ఇదే స్టడీని మళ్లీ పరిశీలించి, ఇది చాలా చిన్నది, దీన్నిబట్టి ఏదీ ఖాయంగా చెప్పలేం అన్నారు. పైగా పాలిష్ వల్ల పేషెంట్లకు ఇన్ఫెక్షన్లు పెరిగాయా లేదా అన్నది అందులో లెక్కే వేయలేదు.

మరి ఆధారం లేనప్పుడు నిషేధం ఎందుకు? బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ కూడా ఆపరేషన్ ముందు టీమ్ అంతా నగలు, కృత్రిమ గోళ్లతో పాటు నెయిల్ పాలిష్ కూడా తీసేయాలనే చెబుతోంది. లాజిక్ ఏంటంటే, పాలిష్ ఎప్పుడు పెచ్చులూడుతుందో ఎవరూ చెప్పలేరు. పొద్దున బాగానే ఉన్నది మధ్యాహ్నానికి అంచు లేవొచ్చు. రోజూ ఒక్కొక్కరి పది వేళ్లూ పట్టుకుని ఇది కొత్తదా పాతదా అని చూసే తీరిక థియేటర్ ఇన్‌చార్జికి ఎక్కడుంటుంది? ముదురు రంగు పాలిష్ ఉంటే గోటి కింద పేరుకున్న మట్టి కూడా కనిపించదు. తీసేస్తే పోయేదేమీ లేదు, ఉంచితే పేషెంట్‌కి ఏమైనా కావొచ్చు. అందుకే ఆధారం పూర్తిగా తేలకపోయినా జాగ్రత్త వైపే మొగ్గారు. ఈ రూల్ పాలిష్ వేసుకునే ప్రతి ఒక్కరికీ. ఆడవాళ్ల మీద పెట్టిన ఆంక్షలా దీన్ని చూడటం మాత్రం తప్పు. గోళ్లు పెంచుకున్న మగ డాక్టరుకూ అర సెంటీమీటరు కొలతే వర్తిస్తుంది.

ఆషాఢంలో గోరింటాకు సంగతేంటి అంటారా? గోరింటాకు గోటిలోకి ఇంకే రంగు. పాలిష్‌లా పైన పొరగా ఉండదు కాబట్టి పెచ్చులూడే సమస్య లేదు. అయినా ఏ హాస్పిటల్ రూల్ ఆ హాస్పిటల్‌ది. డ్యూటీలో ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవడం బెటర్.

ఆపరేషన్ చేయించుకునేవాళ్లనూ పాలిష్ తీసేసి రమ్మంటారు. దానికి కారణం వేరే. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ గోటి గుండా కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్ శాతం చూస్తుంది. ముదురు రంగులు ఆ రీడింగ్‌కి కొంచెం అడ్డం పడొచ్చు. మత్తు డాక్టరు గోళ్లు నీలంగా మారుతున్నాయా అని కంటితో కూడా చూస్తారు. మామూలు పాలిష్ అయితే రిమూవర్‌తో రెండు నిమిషాల్లో పోతుంది. జెల్ పాలిష్ అయితే అసిటోన్‌లో నానబెట్టి తీయాలి. కాబట్టి ఆపరేషన్ డేట్ ఖరారవగానే, అడ్మిట్ కావడానికి ఒక రోజు ముందే ఆ పని చేయించుకోండి.