మీకు తెలుసా? వడగాడ్పు రాత్రిపూట కూడా ప్రాణం తీస్తుంది

• 2015 మే వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే.

• చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ పెరిగితే అది ఆరదు. అప్పుడు రక్తాన్ని చర్మం వైపు తోయడానికి గుండె మరింత కష్టపడాలి. అందుకే వృద్ధులకు, గుండె జబ్బులున్నవారికి ముప్పు ఎక్కువ.

• హైదరాబాద్‌లోని హిమాయత్‌నగర్ లాంటి కాంక్రీటు పేటల్లో శ్లాబులు, రోడ్లు పగలు పీల్చిన వేడిని రాత్రి వదులుతాయి. పై అంతస్తు గదిలో ఫ్యాను తిరిగినా వేడిగాలే. శరీరానికి తేరుకునే వ్యవధి దొరకదు.

• డాబాలకు తెల్లటి పూత వేస్తే శ్లాబు అంతగా కాలదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది.

• 2025లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించింది. మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది.

• ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బే కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.

• మీ వీధిలో తోపుడుబండి నడిపేవారిని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను మధ్యాహ్నం ఒకసారి పలకరించండి. చల్లటి మంచినీళ్లు ఇవ్వండి.