బడి కబురు ఎవరి ఫోన్‌కి వస్తోంది?

అమెరికాలో బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో ఫోన్ ఓ పట్టాన ఊరుకోదు. సోమవారం లంచ్ మెనూ. మంగళవారం ‘రేపు ఫొటో డే’. బుధవారం బస్సు పది నిమిషాలు లేటు. గురువారం ‘క్లాసులో ఒకరికి పేలు కనిపించాయి, మీ పిల్లల తల ఓసారి చూసుకోండి’. శుక్రవారం ప్రిన్సిపల్ గారి వారపు ఉత్తరం. మెయిల్, మెసేజ్, యాప్ నోటిఫికేషన్, ఒక్కోసారి రికార్డు చేసిన ఫోన్ కాల్... ఒకే సంగతి నాలుగు దారుల్లో వస్తుంది. ఇన్ని వస్తే ఎవరైనా ఏం చేస్తారు? మ్యూట్ చేస్తారు. అసలు చిక్కు అక్కడే.

నేను 2022లో ఎమ్మెస్ కోసం డాలస్ దగ్గరికి వచ్చాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ అక్కావాళ్లింట్లోనే ఉంటున్నా. అక్కకి ఇద్దరు కూతుళ్లు. పెద్దది ఏడో తరగతి, చిన్నది రెండు. నాకింకా పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. అయినా ఆ బడి నుంచి వచ్చే ప్రతి మెసేజ్ ఇప్పుడు నేనూ చదువుతున్నా. ఎందుకో చెప్తా. మీ అక్కో అన్నో అక్కడ ఉన్నా, మీ అమ్మానాన్నలు మనవల్ని చూసుకోడానికి విజిటర్ వీసా మీద వెళ్తున్నా, ఇది మీకూ పనికొస్తుంది.

ఇది మన జిల్లా కాదు

స్కూల్ డిస్ట్రిక్ట్ అనగానే మనకి గుంటూరు జిల్లా, ఖమ్మం జిల్లా, కలెక్టరు, డీఈవో గుర్తొస్తారు. ఇది వేరే. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ప్రభుత్వ బడులు నడపడం కోసమే ఉన్న ఒక చిన్న ప్రభుత్వం. చాలాచోట్ల జనం ఓట్లేసి బోర్డుని ఎన్నుకుంటారు. ఆ బోర్డు సూపరింటెండెంట్‌ని పెట్టుకుంటుంది. ఖర్చులో పెద్ద భాగం ఇళ్ల మీద వేసే ఆస్తి పన్ను నుంచే వస్తుంది. దేశం మొత్తం మీద ఇలాంటివి దాదాపు 13,000. ఒక్క టెక్సస్‌లోనే 1,000కి పైగా. హవాయిలో మాత్రం రాష్ట్రమంతా ఒకటే డిస్ట్రిక్ట్.

ఊరి హద్దు, డిస్ట్రిక్ట్ హద్దు ఒకటి కావాలనేం లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో ఐఎస్‌డీనే తీసుకోండి. ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ ఊళ్లలోని కొన్ని భాగాలు కూడా దాని కిందికే వస్తాయి. అందుకే ఇల్లు కొనేటప్పుడు తూర్పు గుమ్మం తర్వాత మనవాళ్లు అడిగే రెండో ప్రశ్న ‘ఏ స్కూల్ డిస్ట్రిక్ట్?’ అనే.

కానీ చేరాక అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని ఎవరూ అడగరు. ‘మెసేజ్‌లు ఎవరి ఫోన్‌కి?’

నలభై నిమిషాలు

ఫోన్ల చట్టం వచ్చిన తర్వాత సంగతిది. బడి జరిగే టైములో పిల్లలు సొంత ఫోన్లు వాడకూడదని టెక్సస్ 2025లో చట్టం చేసింది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి అమలు. అంటే ఏదైనా జరిగితే పిల్లకి ఫోన్ చేసి కనుక్కుందామంటే కుదరదు.

ఓ మధ్యాహ్నం అక్కావాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ‘స్కూల్ దగ్గర పోలీసు కార్లున్నాయి, ఎవరికైనా తెలుసా?’ అని అడిగింది. రెండు నిమిషాల్లో అది ‘గన్ అంటున్నారు’ అయింది. ఐదు నిమిషాలకి ‘స్కూల్లో గన్, లాక్‌డౌన్’ అయిపోయింది. అక్క బావకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసు కాల్‌లో ఉన్నారు. పెద్దదాని ఫోన్ స్విచాఫ్. నాకు ఫోన్ చేసింది కానీ మాట రావట్లేదు, ఏడుపొక్కటే. అమ్మేమో చిన్నదాన్ని తీసుకురావడానికి బస్టాపుకి వెళ్లింది. బస్సు రాలేదు. గొడుగు పట్టుకుని ఎండలో నిలబడే ఉంది. నలభై నిమిషాలు.

తీరా చూస్తే డిస్ట్రిక్ట్ మెసేజ్ ముందే వచ్చి ఉంది, బావ ఫోన్‌కి. బడికి దగ్గర్లో పోలీసులు ఎవరికోసమో వెతుకుతున్నారు, బయటి తలుపులు మూశాం, లోపల పాఠాలు మామూలుగానే జరుగుతున్నాయి, బస్సులు ఆలస్యంగా బయల్దేరతాయి. నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలూ అక్క ఫోన్‌లో పడి ఉంటే ఆ నలభై నిమిషాల నరకం ఉండేది కాదు.

రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఒక్కటే మాట అడిగింది. “పిల్లని బస్సు దించుకునేది నేను. కబురు మాత్రం ఆఫీసులో ఉన్నాయనకి పంపిస్తారేంటే?”

సమాధానం సింపుల్. బడిలో చేర్చేటప్పుడు ఆన్‌లైన్ ఫారం నింపింది బావ. ఫోన్ నంబరు, మెయిల్ రెండూ ఆయనవే. మా ఇంట్లోనే కాదు, తర్వాత కనుక్కుంటే తెలిసినవాళ్లలో చాలా ఇళ్లలో ఇదే వరస. వీసా కాగితాలు, లీజు, కరెంటు బిల్లుతో పాటు బడి కూడా ఇంటాయన మెయిల్‌కే. పిల్లల్తో ఉండేది ఒకరు, కబురందేది ఇంకొకరికి.

ఈ ఐదు మాటలు తెలియాలి

ఆపద వేళ బడులు వాడే మాటలకి ఒక పద్ధతి ఉంది. దాని వెనక ఒక మెసేజ్ కథ కూడా ఉంది. 2006 సెప్టెంబర్ 27న కొలరాడోలోని ప్లాట్ కెన్యన్ హైస్కూల్లో తుపాకీతో చొరబడిన వ్యక్తి కొందరు అమ్మాయిల్ని బందీలుగా పట్టుకున్నాడు. వాళ్లలో ఎమిలీ కీస్ అనే అమ్మాయి అమ్మానాన్నలకి ‘ఐ లవ్ యూ గైస్’ అని మెసేజ్ పంపింది. ఆ రోజే ఆమె ప్రాణాలు కోల్పోయింది. తల్లిదండ్రులు ఎలెన్, జాన్-మైకేల్ కీస్ ఆ మెసేజ్ పేరుతోనే ఒక ఫౌండేషన్ పెట్టారు. పిల్లలు, టీచర్లు, పోలీసులు, ఇంట్లోవాళ్లు అందరూ ఒకే మాట వాడాలని ఆ సంస్థ ‘స్టాండర్డ్ రెస్పాన్స్ ప్రోటోకాల్’ తయారు చేసింది. చాలా డిస్ట్రిక్టులు ఇప్పుడు దాన్నే పాటిస్తున్నాయి. అందులో ఉన్నవి ఐదే మాటలు.

హోల్డ్: వరండాలు ఖాళీ చేసి ఎవరి గదిలో వాళ్లుండాలి. ఎవరికో ఒంట్లో బాగోకపోయినా ఇది ఇస్తారు. పాఠం ఆగదు.

సెక్యూర్: ప్రమాదం బడి బయట ఉంది. అందర్నీ లోపలికి పిలిచి బయటి తలుపులు మూసేస్తారు. లోపల పాఠాలు మామూలే.

లాక్‌డౌన్: ప్రమాదం లోపల ఉంది. గది తాళం, లైట్లు ఆర్పడం, కంటబడకుండా నక్కడం.

ఎవాక్యుయేట్: బడి ఖాళీ చేసి చెప్పిన చోటికి వెళ్లడం.

షెల్టర్: సుడిగాలి లాంటివి వస్తుంటే తలదాచుకోవడం. టెక్సస్‌లో వసంతకాలం వస్తే దీని అవసరం పడుతుంది.

ఆ రోజు మా బడిలో జరిగింది రెండోది. గ్రూపులో తిరిగింది మూడోది. సెక్యూర్‌ని ఒకప్పుడు ‘లాకౌట్’ అనేవాళ్లు. లాక్‌డౌన్‌తో కలిపి జనం తికమక పడుతున్నారనే మాట మార్చారు. ఇంగ్లిషు వాళ్లకే తికమకైతే మన అమ్మల సంగతి చెప్పాలా!

తెలుగులో పెడితే సరిపోతుందా?

పేరెంట్‌స్క్వేర్, టాకింగ్‌పాయింట్స్ లాంటి యాప్‌లు వందకు పైగా భాషల్లోకి మెసేజ్‌ల్ని మార్చి ఇస్తాయి. సెట్టింగ్స్‌లో భాష ఎంచుకుంటే చాలు. అమ్మ ఫోన్‌లో తెలుగు పెట్టాను. పనికొస్తోంది. కానీ మెషీన్ తెలుగు మెషీన్ తెలుగే. ‘ఎర్లీ రిలీజ్’ని ‘ముందస్తు విడుదల’ అంటే అమ్మకి జైలు గుర్తొచ్చింది. అది నవ్వుకోడానికి బాగుంది. ‘సెక్యూర్’ని ‘సురక్షితం’ అనేస్తే మాత్రం నవ్వు రాదు. తలుపులేసి కూర్చున్న బడిని ‘అంతా క్షేమం’ అని చదువుకుంటాం. అందుకే ఆ ఐదు మాటలు తెలుగులోకి మార్చకుండా ఇంగ్లిషులోనే గుర్తుపెట్టుకోవడం మేలు. పక్కన వాటి అర్థం తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించాం.

ఇంకో సంగతి. ఇంగ్లిషు అంతగా రాని తల్లిదండ్రులకి బడి విషయాలు అర్థమయ్యేలా చెప్పడం దయాధర్మం కాదు. 1964 పౌరహక్కుల చట్టం, 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన లౌ వర్సెస్ నికల్స్ తీర్పు దీనికి పునాది. పిల్లల్ని, తోబుట్టువుల్ని దుబాసీలుగా వాడొద్దని 2015లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2025లో వాటిని వెనక్కి తీసుకుంది. చట్టం, తీర్పు మాత్రం ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల మీటింగ్ విషయంలో రూలు మరీ స్పష్టం. తల్లిదండ్రులకి అర్థమయ్యేలా చూసే బాధ్యత బడిదే, కావాలంటే దుబాసీని పెట్టడంతో సహా. టెక్సస్‌లో ఆ మీటింగ్‌ని ‘ఏఆర్‌డీ’ అంటారు. ‘తెలుగు దుబాసీ కావాలి’ అని ముందుగా ఒక మెయిల్ పెట్టండి, అంతే.

ఫారంలో ‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?’ అని అడిగినప్పుడు చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తారు. తెలుగు అంటే పిల్లని వెనకబడిన క్లాసులో వేస్తారని భయం. నిజానికి తెలుగు అని రాస్తే జరిగేది పిల్లకి ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే ఒక పరీక్ష. అందులో అవసరమని తేలినా, టెక్సస్‌లో తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే ప్రత్యేక ఇంగ్లిష్ క్లాసులో వేస్తారు.

పెళ్లికని ఇండియా వెళ్తే

మ్యూట్ చేస్తే కొంప ముంచే మెసేజ్ ఇంకోటుంది, హాజరు. డిసెంబరు సెలవులకి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు కలిపి ఇండియా టికెట్లు బుక్ చేసేయడం మనకి అలవాటే కదా. టెక్సస్‌లో క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే ఆ సబ్జెక్టులో క్రెడిట్‌కో గ్రేడుకో ఇబ్బంది వస్తుంది. సరైన కారణం లేకుండా నాలుగు వారాల్లో మూడు రోజులు మానేస్తే హెచ్చరిక వస్తుంది. ఆరు నెలల్లో పది రోజులో అంతకంటే ఎక్కువో మానేస్తే తల్లిదండ్రుల మీద కేసు దాకా వెళ్లొచ్చు. పైగా రాష్ట్రం నుంచి డిస్ట్రిక్టుకి వచ్చే డబ్బు కూడా సగటు హాజరుని బట్టే. అందుకే వాళ్లు దీన్ని అంత తేలిగ్గా వదలరు.

మంచి సంగతి కూడా ఉంది. మతపరమైన పండగలకి సెలవు పెడితే దాన్ని సరైన కారణంగానే చూడాలని అదే టెక్సస్ చట్టం చెబుతోంది. దీపావళికి దొంగ జ్వరం అక్కర్లేదు. ముందే రాసిస్తే సరి.

ఓటు లేకపోయినా నోరుంది

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది బోర్డు మీటింగ్ నోటీసు. హద్దులు మార్చడం, బడులు మూయడం అక్కడే తేలుతుంది. పిల్లల సంఖ్య తగ్గుతోందని ప్లేనో ఐఎస్‌డీ బోర్డు 2024 జూన్‌లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. ఆ బడి కోసమే ఇల్లు కొన్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. హెచ్1బీ మీదున్న మనవాళ్లకి ఓటు ఉండదు, నిజమే. కానీ ఇల్లుంటే పన్ను కడుతున్నాం. అజెండాలో ఉన్న అంశం మీద జనం మాట్లాడే అవకాశం ఇవ్వాలని టెక్సస్ చట్టమే చెబుతోంది. పేరు నమోదు చేసుకుని వెళ్లి మాట్లాడొచ్చు.

ఇదంతా ఒక్క సాయంత్రం పని

మా ఇంట్లో మార్చినవి నాలుగే. ఒకటి, పేరెంట్ పోర్టల్‌లో అక్క పేరు, నంబరు, మెయిల్ విడిగా చేర్చాం. రెండు, అత్యవసర కాంటాక్టుల్లోనూ, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ల లిస్టులోనూ అమ్మ పేరు, నా పేరు పెట్టించాం. పిల్లల్ని అప్పగించేటప్పుడు ఫొటో ఐడీ అడుగుతారు కాబట్టి అమ్మ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశాం. మూడు, యాప్‌లో మెనూలకి, ఫొటో డేలకి సౌండ్ తీసేసి, ఎమర్జెన్సీకి మాత్రం ఉంచాం. నాలుగు, వాట్సాప్‌లో ఏం వచ్చినా డిస్ట్రిక్ట్ మెసేజ్ చూశాకే నమ్మాలి, అది చూడకుండా ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు.

మీ అమ్మానాన్నలు ఈసారి విమానం ఎక్కుతుంటే ఆవకాయ, మందులు, వేడి బట్టల లిస్టు ఎలాగూ రాస్తారు. దాని చివర ఒక లైను కలపండి. దిగిన వారంలో వాళ్ల పేరు బడి లిస్టులో ఎక్కించమని అక్కకో అన్నకో చెప్పండి. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.